గడప దాఁటిన వెంటనే: బోస్టను నగరములోని ఇటాలియనుల పేట



ఇల్లు చూచి ఇల్లాలిని జూడుమని మన పెద్దలు చెప్పిరి. ఆ మాటకు ముందు మఱియొక మాటను జేర్పవలెనని మాకుఁ దోఁచుచున్నది: వీధిని జూచి ఇంటిని జూడవలెను. ఇంట నెన్ని గదులున్నను, వంటింట నెన్ని యంత్రములున్నను, గడప దాఁటిన వెంటనే ఇల్లాలు తన కాళ్ళతోఁ దాను నడచి, ఒక మనిషి ముఖము చూచి, కావలసిన వస్తువొకటి కొనుక్కొని, నిర్భయముగా మరలి రాఁదగిన వీధి లేనిచో ఆ ఇల్లు పంజరమే కాని ఇల్లు కానేరదు.

మన కావ్యములలోని పురవర్ణనలను జదివినవారికి ఈ సంగతి క్రొత్త కాదు. కవులు కోటను, అగడ్తను, మేడలను వర్ణించి ఊరకుండలేదు. పూవులమ్ము పుష్పలావికలను, అంగడివీధిని, బాటసారులను గూడ వర్ణించిరి. మనుష్యులు నడవని పురము పురము కాదని వారికిఁ దెలియును. మనము మాత్రము ఇల్లు వెదకునపుడు గోడలను గొలిచి చూతుము. వీధిని నడచి చూడము.

ఈ శీర్షికక్రింద మేము సాధారణముగా గృహకృత్యములను గూర్చియుఁ బురాణస్త్రీలను గూర్చియు వ్రాయుచుందుము. ఈ నెల మాత్రము అమెరికాలోని బోస్టను నగరమున ‘నార్త్ ఎండ్’ అను ఇటాలియనుల పేటను గూర్చి వ్రాయుచున్నాము. అంతదూరపు పేటతో మనకేమి పని యని యడుగవలదు. మీలోఁ బలువురి కూఁతుండ్రును గోడండ్రును నేఁడు ఆ దేశమున కాపురము చేయుచున్నారు. వారి సుఖదుఃఖములకు ఈ ప్రస్తావనతోఁ జాల సంబంధము కలదు.

మా తమ్ముఁడు ఆ నగర ప్రాంతమున ఉద్యోగము చేయుచున్నాఁడు. మఱదలు ప్రసవించినపుడు సాయముగా మేము కొన్ని వారములు అచ్చట నుంటిమి. వారి ఇల్లు నగరమునకుఁ జాల దూరము. చుట్టును పచ్చిక, పెద్ద చెట్లు, ఎడమెడముగా ఇండ్లు. చూచుటకు ఋష్యాశ్రమమువలె నుండును. కాని ఋష్యాశ్రమమున మునిపత్నులైన నుందురు. ఇచ్చట మధ్యాహ్నవేళ ఉడుత తప్ప వేఱొక ప్రాణి కనఁబడదు. కూరగాయల అంగడికిఁ గారులోఁ బండ్రెండు నిమిషములు పట్టును. బాట ప్రక్కన మనిషి నడచుటకుఁ జోటు విడువలేదు. ఒకనాఁడు మఱదలు పిల్లవానిని భుజముపై వేసికొని కిటికీకడ నిలిచి యిట్లనెను: “వదినగారూ, మేమిచ్చటికి వచ్చి మూఁడేండ్లయినది. ఈ వీధిలో నొక్కరి పేరైనను నాకుఁ దెలియదు. మీ తమ్ముఁడు వచ్చి కారు తీసినఁగాని నాకు వాకిలి లేదు.” ఆమెకు నేమి బదులు చెప్పవలెనో మాకుఁ దోఁచలేదు.

ఆ శనివారమునాఁడే మేమందఱమును రైలులో నగరమునకుఁ బోయి, హేమార్కెట్ అను స్టేషనులో దిగి, పిల్లవానిని బండిలోఁ గూర్చుండఁబెట్టుకొని నార్త్ ఎండులోని కడుగిడితిమి. అచ్చట నాలుగు గంటలసేపు నడచితిమి. ఆ నాలుగు గంటలలో మఱదలు నవ్విన నవ్వులు మేము వచ్చిన తరువాత మూఁడు వారములలోఁ జూచి యెఱుఁగము. ఒక వీధికి ఇంత మహిమ యెట్లు గలిగినదో తెలిసికొనవలెనని మాకుఁ బట్టుదల కలిగెను. తరువాత గ్రంథాలయమునకుఁ బోయి చదివినదియు, కన్నులారఁ జూచినదియుఁ గలిపి యిచ్చట వ్రాయుచున్నాము.

స్టేషను దాఁటినతోడనే మొదట నెదురగునది ఒక పొడవైన తోట. పచ్చిక, నీటి చిమ్ములు, తీఁగలు ప్రాఁకించిన పందిరి, దానిక్రింద బల్లలు. ఈ తోట చరిత్ర వినఁదగినది. 1950వ దశకమున ప్రభుత్వమువారు నగర మధ్యమునుండి స్తంభములపై నొక పెద్ద మోటారు రహదారిని గట్టిరి. దానికొఱకు ఎన్నియో కట్టడములను గూల్చిరి. నార్త్ ఎండునకును మిగిలిన నగరమునకును నడుమ ఆ రహదారి యొక ఇనుపగోడవలె నిలిచెను. దాని నీడలో దుమ్మును జప్పుడును సహించుచు ఈ పేటవారు అర్ధశతాబ్దము గడపిరి. తుదకు దానిని భూగర్భమునకు దింపి, 2004 ప్రాంతమునకుఁ బైదానిని దొలఁగించి, ఆ స్థలమున మైలున్నర పొడవున ఈ తోటలను వేసి 2008లో ప్రారంభించిరి. దీనికి రోజ్ కెనెడీ అను స్త్రీ పేరు పెట్టిరి. ఆమె 1890లో ఈ పేటలోనే జన్మించినది; రాష్ట్రపతి జాన్ కెనెడీకిఁ దల్లి.

తోట దాఁటితిమో లేదో, ప్రపంచమే మాఱిపోవును. పేట విస్తీర్ణము చదరపు మైలులో సుమారు మూఁడవ వంతు. ఒక కొననుండి మఱియొక కొనకు ఇరువది నిమిషములలో నడువవచ్చును. అమెరికా నగరములు పెక్కింటిలో వీధులు చదరంగపు బల్లపై గీఁతలవలె నుండును. ఈ వీధులు మాత్రము మన పాత పట్టణములలోని సందులవలె వంకరలు తిరిగి ఒకదానిలో నొకటి కలిసికొనుచుండును. ఇరువైపుల నాలుగైదు అంతస్తుల యిటుకమేడలు. క్రింద అంగడి, పైన కాపురము. హానోవర్ వీధి పెద్దది, సేలెం వీధి ఇరుకుది. రెంటి నడుమ అడ్డసందులు చాలఁ గలవు. ప్రతి నూఱడుగులకు నొక మలుపు వచ్చుచుండుటచే నడచువారికి అలసట తెలియదు.

ఈ పేట బోస్టనులో మిక్కిలి పురాతనమైనది. 1630వ దశకమునుండి ఇచ్చట ఆంగ్లేయులు కాపురముండిరి. నార్త్ స్క్వేర్ అను చిన్న చౌకమున నొక కఱ్ఱయిల్లు కలదు. 1680 ప్రాంతమునఁ గట్టిన ఆ యింట, అమెరికా స్వాతంత్ర్యయుద్ధమునఁ బేరొందిన పాల్ రెవీర్ అను కంసాలి నివసించెను; 1770 నుండి 1800 వఱకు అది అతని సొంతము. 1775 ఏప్రిలు 18వ తేది రాత్రి అతఁడు గుఱ్ఱమెక్కి, ఆంగ్లసేన వచ్చుచున్నదని పల్లెలకు వార్త గొనిపోయెను. 1723లోఁ గట్టిన ఓల్డ్ నార్త్ చర్చి గోపురమునుండి ఆ రాత్రియే రెండు లాంతరులు చూపి సంకేతము చేసిరి. ఈ కథ ప్రతి అమెరికా బాలునకును దెలియును. ఆ కంసాలికి ఇద్దఱు భార్యలవలన పదునాఱుగురు సంతానమని మాత్రము కొందఱే చెప్పుదురు. మొదటి భార్య యెనమండ్రను గని 1773లో మరణించెను. రెండవ యామె మఱి యెనమండ్రను గనెను. చిన్నగదుల ఆ యింట నిలిచినపుడు గుఱ్ఱముకంటె ఆ యిల్లాండ్ర పొయ్యియే మాకు ముందుగా స్ఫురించెను.

రెవీర్ అమ్మివేసిన పిమ్మట ఆ యిల్లు పూటకూళ్ళ యిల్లయి, పిదప చుట్టల కర్మాగారమయి, కూరగాయల కొట్టయి, ఇటాలియనుల బ్యాంకు కూడ నయ్యెను. 1902లో అతని మునిమనుమఁడు దానిని గొని రక్షింపఁగా, 1908లో ప్రదర్శనశాలగాఁ దెఱచిరి. ఆ యొక్క యింటి కథయే పేట కథ యంతయును. ఆంగ్లేయుల తరువాత పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున కఱవునకుఁ దాళలేక ఐర్లండువారు వచ్చిరి. వారి వెనుక తూర్పు ఐరోపానుండి యూదులు వచ్చిరి. 1860వ దశకమున జెనోవానుండి కొలఁదిమందితో మొదలై, శతాబ్ది చివఱకు ఇటాలియనులు వెల్లువగా వచ్చిరి. 1930 నాఁటికిఁ బేటయంతయు దాదాపు వారిదే యయ్యెను.

వారొక్క జాతిగా రాలేదు, ఊరూరుగా వచ్చిరి. సిసిలీద్వీపపు జాలరులు ఒక వీధిని, నేపుల్సు ప్రాంతమువారు ఒక వీధిని, అవెల్లీనో మండలమువారు ఒక వీధిని ఆక్రమించిరి. ఒక ఊరివాని మాట మఱియొక ఊరివానికిఁ దెలియకుండెడిది. మన గోదావరి మాటకును, పాలమూరు మాటకునుగల భేదముకన్న నెక్కుడు భేదమని చెప్పుదురు. పురుషులు రేవులలోను, కట్టడపుపనులలోను కూలిచేసిరి. స్త్రీలు కోట్లకు బొత్తాములు కుట్టు పని ఇంటికిఁ దెచ్చుకొని, పిల్లలను ఒడిలోఁ బెట్టుకొని కుట్టిరి. దేశస్థులు వారిని జూచి ఈసడించిరి. 1924లోఁ జేసిన చట్టముచే ఇటలీనుండి ఏఁటికి 3,845 మంది మాత్రమే రావలెనని కట్టడి చేసిరి. మన హిందూదేశీయులకైతే 1917 నాఁటి చట్టముచేతనే వాకిలి మూసివేసిరి. ఆ తలుపు బాగుగాఁ దెఱవఁబడినది 1965లో. నేఁడు మన బిడ్డలు పోవు దారికి వెనుక ఇట్టి కథలు గలవు.

ఇఁక మన సోదరీమణులకు మిక్కిలి ప్రీతికరమగు ముచ్చట. 1899లో ఈ పేటలోని పఠనశాలలో ఈడిత్ గెరియర్ అను గ్రంథాలయాధికారిణి వలసవచ్చిన ఇటాలియనుల, యూదుల బాలికలకై ఒక పఠనసంఘము నేర్పఱచెను. పగలెల్లఁ బనిచేయు బాలికలు శనివారము సాయంకాలము కూడెడివారు. కావున వారికి ‘శనివారపు సాయంకాలపు బాలిక’లని పేరు వచ్చెను. హెలెన్ స్టారో అను ధనవంతురాలు వారికి 1908లో హల్ వీధిలో నొక యిల్లు కొనియిచ్చెను. ఆ యింట బాలికలు మట్టిపాత్రలు చేసి రంగులువేసి అమ్మిరి. పాత్రలపై బొమ్మలు వేయువారు వేయుచుండఁగా, ఒకరు గ్రంథము చదివి వినిపించెడివారఁట! కథావాచనము వినుచు కూరలు తఱుగుకొను మనకు ఆ పద్ధతి యొక్క రుచి వేఱుగాఁ జెప్పనక్కఱలేదు. వారు 1912 నుండి 1917 వఱకు తమ పత్రికను గూడ నడపిరి. కుండలశాల 1915లో వేఱొక పేటకుఁ దరలి 1942లో మూఁతపడెను. ఆ బాలికలు చేసిన గిన్నెలు నేఁడు చిత్రవస్తు ప్రదర్శనశాలలలో అద్దముల వెనుక నున్నవి. సంఘము నిలుచుటకు నడక యొక్కటి ముఖ్య కారణమని మా యూహ. సాయంకాలము పని ముగిసిన పదునాలుగేండ్ల పిల్ల ఒంటరిగా నైదు నిమిషములు నడచి చేరఁగల స్థలమున నున్నందుననే తల్లులు పంపిరి. అదియే యెక్కడనో దూరమున నున్నచో ఎన్ని గడపలు దాఁటెడివో!

హల్ వీధిలోనే సుమారు పదడుగుల వెడల్పుగల యొక సన్నని యిల్లు కలదు. అన్నదమ్ములలో నొకఁడు పంపకములలోఁ దనకు మిగిలిన చారెఁడు స్థలమున, రెండవవాని యింటికి గాలి వెలుతురు రాకుండ అడ్డముగాఁ గట్టెనని చెప్పుకొందురు. ఈ కథ వినఁగానే మా మఱదలు, “మనవారు ఇచ్చటఁ గూడ నున్నారు, వదినగారూ” అనెను.

భోజన విషయము. సేలెం వీధిలో 1932లో స్థాపించిన కాఫీగింజల కొట్టు కలదు. మూఁతలు తీసిన సంచులలో పప్పులు, మసాలాదినుసులు, బియ్యము పోసి తూఁచి యిచ్చుచుండుట చూచి మాకు మా ఊరి కోమటికొట్టు జ్ఞప్తికి వచ్చెను. రొట్టెల కొట్లు, జున్ను కొట్లు, ఆలివునూనె కొట్లు వరుసగాఁ గలవు. హానోవర్ వీధిలో 1929 నాఁటి కాఫీశాల కలదు. ఇచ్చటి ప్రసిద్ధమైన పిండివంట పేరు ‘కనోలీ’. మన గొట్టము కాజావంటి గొట్టమును వేయించి, చక్కెర కలిపిన మెత్తని ‘రికోటా’ యను పాలవిరుగు దానిలోఁ గూర్తురు. గొట్టములను వెంటనే నింపి యిచ్చు కొట్టునఁ దినవలెను. ముందే నింపి యుంచినచో మెత్తఁబడును. శాకాహారులకు మా హెచ్చరిక: ఆ పిండిలోఁ బందిక్రొవ్వు కలుపుట వారి పాత పద్ధతి. అడిగి తెలిసికొని తినవలెను. అంగడివారు విసుగుకొనక చెప్పిరి.

పేట తినుబండారములతోడనే నిండినదని తలఁపకుఁడు. ఇచ్చట తియ్యఁదనమే మృత్యువై వచ్చిన దినము కూడ నొకటి కలదు. సముద్రపుటొడ్డున కమర్షియల్ వీధిలో నొక సారాయి కంపెనీవారు 1915లో ఏఁబది అడుగుల యెత్తుగల ఇనుపతొట్టి నొకదానిని నిలిపి, దానిలో చక్కెరమడ్డిని నిలువచేసిరి. కట్టినది మొదలు అది కాఱుచునే యుండెను. పేటలోని పిల్లలు డబ్బాలు తెచ్చి, కాఱిన మడ్డిని పట్టుకొని పోయెడివారు. కంపెనీవారు తొట్టిని బాగుచేయింపలేదు. కాఱిన చాఱలు కనఁబడకుండ మడ్డి రంగే పూయించిరి. 1919 జనవరి 15వ తేది మధ్యాహ్నమున అది పగిలెను. ఇరువదిమూఁడు లక్షల గ్యాలనుల మడ్డి కెరటమై లేచి ఇండ్లను, బండ్లను, మనుష్యులను ముంచివేసెను. ఇరువదియొక్కరు చనిపోయిరి; సుమారు నూటయేఁబదిమంది గాయపడిరి. చనిపోయినవారిలోఁ బదేండ్ల పిల్లలును గలరు. కంపెనీవారు బాంబు పెట్టిన అరాజకవాదులదే తప్పన్నారు. అప్పట్లో ఆ మాటకు ఇటాలియనులని యర్థము. న్యాయవిచారణ యేండ్లతరబడి సాగి, 1925లోఁ దప్పు కంపెనీదేయని తేలెను. ఆ కాఱుటను ప్రతిదినము కిటికీనుండి చూచుచుండినవారు తల్లులు. కాని ఆ తొట్టిని గూర్చి వారి నడిగినవారు లేరు. ఓట్లు లేని బీదవలసవారి వాకిటనే ఇట్టి తొట్టిని నిలుపుట కంపెనీవారికి సులభమయ్యెను. వీధి నడచువారిదే కాని, దానిపై మాట చెల్లించుకొను శక్తియు నడచువారికి ఉండవలెను.

ఆ శక్తి ఈ పేటకు మెల్లమెల్లఁగా వచ్చెను. 1950వ దశకమున నగర నిర్మాణాధికారులు ఇట్టి పాతపేటలన్నియు మురికివాడలని నిశ్చయించిరి. ప్రక్కనున్న వెస్ట్ ఎండ్ అను పేటను 1958 నుండి 1960 వఱకు నేలమట్టము చేసి, 2,700 కుటుంబములకుఁ బైగా లేవఁగొట్టిరి. మార్క్ ఫ్రీడ్ అను పరిశోధకుఁడు అచ్చటినుండి తరలింపఁబడిన 250 మంది స్త్రీలను దరువాత విచారించి 1963లో వ్రాసెను. వారిలో నూటికి 26గురు రెండేండ్లు గడచినను దిగులు తీఱకయుండిరి. మఱి 20గురు ఆఱునెలలు మొదలు రెండేండ్లవఱకు దుఃఖించిరి. చచ్చినవారికై యేడ్చినట్లు వారు వీధికై యేడ్చిరి. క్రొత్త యింట గదులు పెద్దవి, గోడలు తెల్లనివి. ఐనను, పొరుగింటి పిలుపు లేదు.

నార్త్ ఎండునకు ఆ గతి పట్టలేదు. జేన్ జేకబ్స్ అను నామె 1961లోఁ బ్రకటించిన నగరజీవన గ్రంథమున ఈ పేటను గూర్చి విస్తరించి వ్రాసెను. ఆమె చెప్పిన ముఖ్య విషయములు గృహిణులందఱును దెలిసికొనవలసినవి. మొదటిది: బ్యాంకులు ఈ పేటకు అప్పులీయలేదు. పేటవారు తమ సంపాదనతోడను, తమలోఁ దాము పనులు మార్చుకొనియు ఇండ్లు బాగుచేసికొనిరి. ఒక తాపీవాఁడు మఱియొక వడ్రంగికి గోడ కట్టును. వడ్రంగి వానికిఁ గిటికీ చేయును. రెండవది: జనము కిక్కిరిసియుండియుఁ బేటలో మరణములును నేరములును నగరము సగటుకంటెఁ దక్కువగా నుండెను. మూఁడవది మనకు మిక్కిలి ముఖ్యము. వీధికిఁ బోలీసువాఁడొక్కఁడు కాపు కాదు. కిటికీలయొద్దఁ గూర్చున్నవారి కన్నులు, అంగడి గుమ్మమున నిలిచినవారి కన్నులు, మెట్లపైఁ జేరి మాటలాడుకొనువారి కన్నులు కాపు. పిల్లవాఁడు వీధిలో నాడుకొనుచున్న, తనది కాని తల్లి పదిమంది చూచుచుండును. అపరిచితుఁడు వచ్చినను అందఱికిఁ దెలియును. కాని కిటికీయుండి వీధి లేనిచోట, వీధియుండి మనిషి లేనిచోట ఈ కాపు ఏర్పడదు. మనుష్యులు పలువేళల నడచుటకుఁ బలువిధముల అంగళ్ళుండవలెను. ఇండ్లు వీధిని జూచుచుండవలెను. సందులు కుఱుచగా నుండవలెను.

1969లో నొక సేమ్యాల కంపెనీవారు ఇచ్చటఁ దీయించిన టెలివిజను ప్రకటనము నేఁటికి బోస్టనువారు మఱవలేదు. తల్లి కిటికీనుండి కొడుకును బేరుపెట్టి పిలుచును. వాఁడు వీధులెల్లఁ బరుగెత్తుచు ఇంటికి వచ్చును. దానిలో మఱేమియు లేదు. తల్లి పిలుపు వినఁబడునంత దూరమే పిల్లవాని లోకమని యందఱికి మనసున నాటుటచేతనే అది నిలిచెను.

వీరి పండుగలలో గూడ వీధియే మండపము. సిసిలీనుండి వచ్చిన జాలరులు 1910 ప్రాంతమునుండి ఆగస్టులో మేరీమాత యుత్సవము చేయుదురు. విగ్రహమును భుజములపై మోయుచు వీధులు త్రిప్పుదురు. కడపటి సాయంకాలమున నొక చిన్న బాలికకు దేవత వేషము వేసి, నార్త్ వీధిలో మేడకిటికీనుండి త్రాటితో దింపుదురు. ఆ పాప గాలిలో వ్రేలాడుచు మేరీమాతకు నమస్కరించి మాటలు చెప్పును. 1919లో అవెల్లీనో మండలపు వలసవారు ప్రారంభించిన సెయింట్ ఆంటొనీ యుత్సవము నెలాఖరున జరుగును. ఊరేగింపులు మనకుఁ గ్రొత్తవి కావు. ఇంటిముందఱకే దేవుఁడు వచ్చినపుడు వృద్ధులును, బాలింతలును గిటికీనుండియే దర్శించుకొందురు, ఎవ్వరును విడువఁబడరు.

ఇంతవఱకు వ్రాసినది చదివి స్వర్గము చూచినట్లనుకొనవలదు. నేఁడు నార్త్ ఎండున ఇటాలియను సంతతివారు సగముకంటెఁ దక్కువ. పిల్లలు చదివి పెద్దయుద్యోగములు పొంది, తోటలుగల యిండ్లకై దూరపు పేటలకుఁ బోయిరి. తమ తల్లులు కష్టపడి నిలిపిన యిండ్ల అద్దెలు ధనవంతులైన ఒంటరి యువకులు మాత్రమే యీయఁగలంత పెరిగినవి. శనివారమునాఁడు వచ్చు యాత్రికులతో వీధి నిండును. పిండివంటల కొట్టుముందు వరుస సందు మలుపు దాఁటును. చెప్పులు కుట్టు కొట్లు, మంగలి కొట్లు తగ్గి, ఫలహారశాలలే యెక్కువైనవి. ఇట్టి వీధిలో నడచువారు చాలఁ గలరు. కాని పిల్లవాఁడు పడినచో పేరుపెట్టి లేవనెత్తువారు తగ్గుచున్నారు. అంగడి బోర్డుపై ఇటలీ జెండా వ్రాసినంతమాత్రమున ఇటాలియనుల పేట కాదు. కాపురములు పోయిన పిమ్మట వీధి నాటకరంగపుఁ దెర యగును. రెవీర్ చావడి యనఁదగిన ‘ప్రాడో’ యను ఇటుక పరచిన ఖాళీస్థలమున బల్లలపైఁ గూర్చుండి యింకను పేకలాడుకొనుచున్న వృద్ధులను జూచినపుడు, వీరి తరువాత ఈ బల్లపై నెవరు కూర్చుందురని మాకు భయము కలిగెను.

అదే భయము మన యూళ్ళను గూర్చియుఁ గలుగుచున్నది. మన పాత యింటికి ముందు అరుగుండెడిది. సాయంకాలము వాకిలి చిమ్మి ముగ్గువేసి ఆ యరుగుపైఁ గూర్చుండు ముత్తైదువలే మన వీధులకుఁ గాపు. జేకబ్స్ గ్రంథము వ్రాయకమునుపే మన అవ్వలకు ఆ రహస్యము తెలియును. నేఁడు అరుగు గొట్టి కారు నిలుపుకొను చోటు చేయుచున్నాము. వాకిలికి ఎత్తైన గేటు, దానికి గొళ్ళెము. రెండు గజములు మనకుఁ గలిసివచ్చుచున్నవి. వీధి యంతయుఁ జేయిజాఱిపోవుచున్నది.

కనుక మేము సోదరీమణులకుఁ జెప్పున దిది. దూరదేశమునఁ గాపురము పెట్టు కూఁతునకు, కోడలికి ఇల్లు వెదకునపుడు ఎన్ని గదులని యడుగుటతో నాఁగవలదు. ఈ నాలుగు ప్రశ్నలు కూడ నడుగుఁడు. కారు లేకుండ పాలకూరయు, జ్వరపుమందును గొనుటకు ఎంత దూరము నడువవలెను? చంటిపిల్ల బండి నడపుటకు బాట ప్రక్కఁ జోటు గలదా? పదిమంది కూడు గ్రంథాలయమైనను, తోటయైనను, రైలుస్టేషనైనను కాలినడకకు అందునా? పగటివేళ ఆ వీధిలో మనుష్యులు కనఁబడుదురా? గది యొకటి తక్కువైనను ఫరవాలేదు. అద్దె కొంచె మెక్కువైనను అది వైద్యునకిచ్చు ధనమును మిగుల్చును. మా తమ్ముఁడు ఈ లెక్క వేసి చూచి, గడువు తీఱఁగానే స్టేషనునకుఁ బది నిమిషముల నడకలో నున్న చిన్న యింటికి మాఱెను. గదులు రెండే. మఱదలు ఉత్తరమున, గ్రంథాలయమున శిశువులకుఁ బాటలు పాడు బుధవారపు కూటమునకుఁ బోవుచున్నాననియు, అచ్చట ముగ్గురి పేర్లు నేర్చుకొంటిననియు వ్రాసినది.

ఇఁక ఊరిలోనున్న మనము చేయఁదగినదియుఁ గలదు. ఇల్లు తిరిగి కట్టించువారు అరుగును మఱవకుఁడు. చోటు చాలనిచో వీధివంక నొక కిటికీయైన విడువుఁడు. దగ్గఱి కొట్టులో దొరకు వస్తువును దగ్గఱనే కొని ఆ కొట్టును నిలుపుఁడు. సాయంకాలము ఒక అరగంట పొరుగువారితోఁ గలిసి వీధి చివఱవఱకు నడచి రండు. మున్సిపాలిటీవారు కాలిబాటలపై స్తంభములను, చెత్తకుండీలను నిలిపినచో పదిమంది సంతకములతో నర్జీ పంపుఁడు. మన మడుగువేయని వీధి మనది కాకుండఁ బోవును. ప్రతిదినము నడచు వీధిని మన చేతినుండి లాగికొనుట ఎవ్వరికైనను సులభము కాదు.